గ్రెప్ చెప్పేది ఒక లెక్క, రిప్‌గ్రెప్ చెప్పేది ఇంకో లెక్క: పాత కమాండ్లు మార్చేయొచ్చా?

చంద్రగిరి_తోట · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి పక్కన పల్లె, పని తిరుపతిలో. నా దగ్గరున్నది 2014 నాటి ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. పోయినేడాది ఎస్‌ఎస్‌డీ వేయించి డెబియన్ 12 అనే లినక్స్ పెట్టుకున్నా. ఈ నెలలో కొత్త కమాండ్లు నేర్చుకుందామని రిప్‌గ్రెప్ (ఫైళ్ళ లోపల మాట వెతికే గ్రెప్‌కు బదులు), ఎఫ్‌డి (ఫైళ్ళను పేరుతో వెతకడానికి), బ్యాట్ (ఫైల్‌లో ఉన్నది చూపే క్యాట్‌కు బదులు), ఎజా (ఫోల్డర్‌లో ఏమున్నాయో చూపే ఎల్‌ఎస్‌కు బదులు) అన్నీ దించుకున్నా. చేతికి పాత పేర్లే అలవాటు కాబట్టి మనం కొట్టే కమాండ్లను నడిపే బ్యాష్ షెల్ సెట్టింగుల ఫైల్, బ్యాష్‌ఆర్‌సీలో అలియాస్, అంటే మారుపేర్లు, రాసేశా. గ్రెప్ అని కొడితే రిప్‌గ్రెప్, ఎల్‌ఎస్ అని కొడితే ఎజా నడిచేట్టు.

నిన్న రాత్రి మా నాయన మామిడి లెక్కల ఫోల్డర్‌లో తోతాపురి అనే మాట వెతికా. ఎప్పటిలాగే గ్రెప్, మైనస్ ఆర్, తోతాపురి, చుక్క అని కొట్టా. స్క్రీన్ అంతా తోతాపురి తోతాపురి తోతాపురి అని నిండిపోయింది. ప్రతి లైన్‌లో ప్రతి అక్షరం చోటా అదే మాట. 2012 నుంచి ఉన్న లెక్కలన్నీ పోయాయనుకున్నా. కాళ్ళూ చేతులూ ఆడలేదు. తీసి చూస్తే ఫైళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి.

తర్వాత అలియాస్ తీసేసి రెండింటినీ విడివిడిగా నడిపా. గ్రెప్ 186 లైన్లు చూపించింది. రిప్‌గ్రెప్ 152 చూపించింది. ఫోల్డర్ అదే, మాట అదే. దేన్ని నమ్మాలి? ఈ లెక్క నాకు నిజంగా కావాలి. ఒక మండీ ఆయన దగ్గర 2016 సీజన్ బాకీ గురించి మాట తేలడం లేదు, నాయన పాత తూకాలు చూడమంటున్నాడు.

---

రేణిగుంట_రూట్ · శనివారం, రాత్రి 10:05

తమ్ముడూ, ముందు టెన్షన్ వదిలెయ్. ఫైళ్ళకేమీ కాలేదు. గ్రెప్‌లో మైనస్ ఆర్ అంటే లోపలి ఫోల్డర్లలో కూడా వెతకమని. రిప్‌గ్రెప్ ఆ పని అడక్కుండానే చేస్తుంది, అందుకని మైనస్ ఆర్‌ను వేరే పనికి పెట్టుకుంది: దొరికిన మాట స్థానంలో ఇంకో మాట పెట్టి చూపించడం. నువ్వు కొట్టినదాన్ని అది ఇలా చదివింది: వెతకాల్సింది చుక్క, అంటే ఏ అక్షరమైనా సరే, దాని బదులు చూపాల్సింది తోతాపురి. అందుకే అక్షరానికో తోతాపురి వచ్చింది. అదంతా తెర మీద చూపించడం వరకే, రిప్‌గ్రెప్ ఫైల్‌లోకి ఏదీ రాయదు.

మైనస్ ఆర్‌ఎన్ కలిపి కొట్టే అలవాటున్న వాళ్ళకు ఇంకో రకం ఇబ్బంది. అప్పుడు దొరికిన ప్రతి మాటా ఎన్ అనే అక్షరంగా మారి కనిపిస్తుంది. చూసినవాడు ఇదేదో బగ్ అనుకుంటాడు.

ఈ రెండూ అన్నదమ్ములు కాదు, ముందు అది గుర్తుపెట్టుకోవాలి. గ్రెప్‌ను కెన్ థాంప్సన్ రాశాడు, 1973 నాటి యునిక్స్ నాలుగో ఎడిషన్‌లోనే ఉంది. ఈడీ అనే పాత ఎడిటర్‌లో జీ, స్లాష్, ఆర్‌ఈ, స్లాష్, పీ అని ఒక కమాండ్ ఉండేది, పేరు అక్కడి నుంచి వచ్చింది. రిప్‌గ్రెప్ 2016లో ఆండ్రూ గాలంట్ రస్ట్ భాషలో కొత్తగా రాసింది. గ్రెప్ ఆప్షన్లన్నీ అలాగే ఉంటాయని అతనెప్పుడూ మాట ఇవ్వలేదు.

ఇక లెక్క తేడా సంగతి. ఆ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే పేర్లేమైనా ఉన్నాయా? ఫైళ్ళ మార్పుల చరిత్ర ఉంచే గిట్ పెట్టావా? వీటిని పట్టించుకోవద్దని గిట్‌కు చెప్పే జాబితా, గిట్‌ఇగ్నోర్‌లో ఏముంది? చుక్క పేర్లనూ ఆ జాబితాలో ఉన్నవాటినీ రిప్‌గ్రెప్ మామూలుగా వదిలేస్తుంది. ఇవి చెప్పు.

---

పుత్తూరు_పెంగ్విన్ · శనివారం, రాత్రి 10:31

అన్నా, కొత్తవి మాత్రం వదలొద్దు. నేను బీటెక్ మూడో సంవత్సరం. మా ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో గ్రెప్ ఆరు సెకన్లు తీసుకుంటే రిప్‌గ్రెప్ అర సెకను కూడా తీసుకోలేదు. బ్యాట్‌లో కోడ్ రంగుల్లో వస్తుంది. జడ్‌ఆక్సైడ్ పెట్టుకుంటే ఫోల్డర్ పేరులో రెండక్షరాలు కొడితే చాలు, అక్కడికి తీసుకెళ్తుంది. ఎఫ్‌జడ్‌ఎఫ్ ఉంటే కంట్రోల్ ఆర్ నొక్కి ఎప్పుడో కొట్టిన కమాండ్‌ను ఇట్టే పట్టుకోవచ్చు. నాకు రోజుకు యాభై సార్లు పనికొచ్చేది ఈ చివరిదే.

---

రేణిగుంట_రూట్ · శనివారం, రాత్రి 10:52

పెంగ్విన్ తమ్ముడూ, ఎఫ్‌జడ్‌ఎఫ్ విషయంలో నాదీ నీ మాటే. అది ఏ పాత కమాండ్‌నూ తోసెయ్యదు, పక్కన కూర్చుని సాయం చేస్తుంది.

ఆ ఆరు సెకన్ల లెక్క మాత్రం మళ్ళీ చూడు. మీ ప్రాజెక్ట్‌లో బయటి కోడ్ దించి పెట్టే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ ఉంటుంది, అది గిట్‌ఇగ్నోర్‌లోనూ ఉంటుంది. గ్రెప్ అందులో వేల ఫైళ్ళు చదివింది, రిప్‌గ్రెప్ ఆ గుమ్మమే తొక్కలేదు. ఒకరు ఊరంతా తిరిగి వచ్చారు, ఇంకొకరు వీధి చివరి దాకా వెళ్ళొచ్చారు. మరొకటి, ముందు గ్రెప్ నడిపి వెంటనే రిప్‌గ్రెప్ నడిపి ఉంటావు. మొదటిసారి డిస్క్ నుంచి చదివిన ఫైళ్ళు ర్యామ్‌లో మిగిలి ఉంటాయి, రెండోది అక్కడి నుంచి చదువుతుంది. హైపర్‌ఫైన్ అని ఒక టూల్ ఉంది, వార్మప్ ఆప్షన్ ఇస్తే ముందు కొన్నిసార్లు ఉత్తినే నడిపి తర్వాత కొలుస్తుంది. దానితో కొలువు. రిప్‌గ్రెప్ అన్ని ఫైళ్ళూ చూసేట్టు మైనస్ యుయు కూడా ఇవ్వు, అప్పుడు పోలిక సరిపోతుంది.

---

పుత్తూరు_పెంగ్విన్ · ఆదివారం, ఉదయం 7:15

కొలిచాను సార్. మీరు చెప్పినట్టు చేస్తే గ్రెప్ 2.1 సెకన్లు, రిప్‌గ్రెప్ 0.6 సెకన్లు. వేగం ఉంది, కానీ పన్నెండు రెట్లు కాదు. నా ల్యాప్‌టాప్‌లో ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) ఉన్నాయి, రిప్‌గ్రెప్ అన్నిటినీ వాడుకుంటుంది, గ్రెప్ ఒక్కదానితోనే నడుస్తుంది. అందుకే ఈ తేడా అనుకుంటున్నా.

---

చంద్రగిరి_తోట · ఆదివారం, ఉదయం 8:20

రూట్ అన్నా, మీరు అడిగినవన్నీ చూశా. ఫోన్ నుంచి సింక్ అయ్యే ఫోల్డర్ పేరు చుక్కతోనే మొదలవుతుంది. 2012, 2013 సీజన్ల ఫోల్డర్‌లో చీటీల స్కాన్‌లు ఎక్కువని ఆ మొత్తాన్ని గిట్‌ఇగ్నోర్‌లో రాసుంచా. రిప్‌గ్రెప్‌కు డీబగ్ ఆప్షన్ ఇస్తే దేన్ని ఎందుకు వదిలేసిందో ఒక్కొక్కటీ చెప్పింది. ఫోన్ ఫోల్డర్‌లో 38 లైన్లు, పాత సీజన్లలో 27.

మైనస్ యుయు ఇచ్చి మళ్ళీ నడిపితే ఇప్పుడు 217 వచ్చాయి! గ్రెప్ చెప్పిన 186 కన్నా 31 ఎక్కువ. ఏమీ వదలకుండా చూసిన గ్రెప్‌కు దొరకని 31 లైన్లు దీనికి ఎక్కడ దొరికాయి?

---

డీటీపీ_చిత్తూరు · ఆదివారం, ఉదయం 11:02

చిత్తూరులో పాతికేళ్ళుగా డీటీపీ పని చేస్తున్నాను. ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. బాబూ, ఆ 31 లైన్లున్న ఫైళ్ళు విండోస్ నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసినవా? ఫైల్ రకం చెప్పే ఫైల్ అనే కమాండ్ ఇచ్చి చూడండి, యూటీఎఫ్ 16 (అక్షరాలను బైట్లుగా రాసే ఒక పద్ధతి) అని వస్తే నేననుకున్నదే.

పాత నోట్‌ప్యాడ్‌లో తెలుగు టైప్ చేసి సేవ్ చేయబోతే అక్షరాలు పోతాయని హెచ్చరిక వచ్చేది. అందరూ కింద జాబితాలో యూనికోడ్ అని ఉన్నదాన్ని ఎంచుకునేవాళ్ళు. ఆ యూనికోడ్ అంటే యూటీఎఫ్ 16. లినక్స్‌లో మనం కొట్టే మాట యూటీఎఫ్ 8. చూడటానికి రెండూ తోతాపురే, లోపల బైట్లు మాత్రం పూర్తిగా వేరు. యూటీఎఫ్ 8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు, యూటీఎఫ్ 16లో రెండే. గ్రెప్ బైట్లను పోల్చి చూస్తుంది కాబట్టి దానికి అక్కడేమీ కనిపించదు. తప్పని చెప్పదు, హెచ్చరిక ఇవ్వదు, మౌనంగా ముందుకు పోతుంది. రిప్‌గ్రెప్ ఫైల్ మొదట్లో ఉండి అది ఏ పద్ధతో చెప్పే బామ్ గుర్తు చూసి, దాన్ని యూటీఎఫ్ 8లోకి మార్చుకుని వెతుకుతుంది. మీకు మిగతావి దొరికింది ఇందుకే.

ఇదే బాధ నాకు ఇంకా పెద్దది. నా దగ్గర 2000 నుంచి చేసిన పెళ్ళి పత్రికలు, కరపత్రాలు వేలల్లో ఉన్నాయి, అన్నీ అను ఫాంట్లలో. అవి అసలు యూనికోడే కాదు. లోపల ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లు ఉంటాయి, పైన ఫాంట్ తెలుగు బొమ్మ వేస్తుంది. ఫాంట్ లేకపోతే పిచ్చి గీతలు. వాటిలో ఒక ఊరి పేరు వెతకాలంటే గ్రెప్ అయినా రిప్‌గ్రెప్ అయినా చేతులెత్తేయాల్సిందే, ముందు కన్వర్టర్‌తో మార్చుకోవాలి. మీ ఫైళ్ళు యూనికోడ్‌లో ఉన్నాయి, అదే మీ అదృష్టం. ఐకాన్వ్‌తో యూటీఎఫ్ 8లోకి మార్చి పెట్టుకోండి, మళ్ళీ ఈ సమస్య రాదు.

---

చంద్రగిరి_తోట · ఆదివారం, మధ్యాహ్నం 12:40

డీటీపీ గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. 2014 నుంచి 2016 వరకు లెక్కలు మా అన్న విండోస్‌లో నోట్‌ప్యాడ్‌లో టైప్ చేశాడు. ఆ మూడేళ్ళ ఫైళ్ళూ యూటీఎఫ్ 16. నాకు కావాల్సిన 2016 సీజన్ అందులోనే ఉంది! అంటే రెండేళ్ళుగా నేను గ్రెప్ కొట్టి, ఆ సంవత్సరం లెక్కల్లో ఏమీ లేదని నాయనకు చెబుతూ వచ్చా. అది తలచుకుంటే బాధగా ఉంది.

---

తిరుచానూరు_అక్షరం · ఆదివారం, మధ్యాహ్నం 2:18

చంద్రగిరి తమ్ముడూ, ఇంకో రెండు చోట్ల కూడా చూడు. నేను తెలుగు పాఠాలను కంప్యూటర్‌లోకి ఎక్కించి సరిచూసే పని చేస్తాను, రోజూ వీటితోనే కుస్తీ.

మొదటిది, కనిపించని అక్షరం. ఫోన్‌లో మార్కెట్‌యార్డు అని టైప్ చేస్తే, పొల్లు తర్వాత యా ఒత్తుగా మారకుండా ఉండటానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంటుంది. దాని నంబర్ యు ప్లస్ 200సీ. కంటికి కనిపించదు, ఫైల్‌లో మూడు బైట్లు ఉంటుంది. మీ అన్న నోట్‌ప్యాడ్‌లో అదే మాటను మధ్యలో ఖాళీ ఇచ్చి రాసి ఉండవచ్చు. మనిషికి రెండూ ఒకటే, ఏ టూల్‌కైనా అవి వేర్వేరు మాటలు. రిప్‌గ్రెప్‌లో అయితే పొల్లు తర్వాత చతురస్రపు బ్రాకెట్లలో ఒక ఖాళీ, బ్యాక్‌స్లాష్ ఎక్స్, ఫ్లవర్ బ్రాకెట్లలో 200సీ రాసి, బ్రాకెట్ మూశాక ప్రశ్నార్థకం పెట్టు. ఖాళీ ఉన్నా, ఆ గుర్తు ఉన్నా, ఏదీ లేకపోయినా దొరుకుతుంది.

ఐత్వంతో కూడా ఒక చిక్కుంది. యూనికోడ్ ప్రకారం ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వానికి కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. స్క్రీన్ మీద తేడా తెలియదు. మీ లెక్కల్లో రైతు, పైకం లాంటి మాటలు వెతికేటప్పుడు అనుమానం వస్తే ఫైళ్ళను ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి, అంటే ఒకే గుర్తుగా కలిపి రాసే రూపంలోకి, మార్చుకో. ఐసీయూ ప్యాకేజీలో ఉండే యూకాన్వ్ ఆ పని చేస్తుంది.

రెండోది, నువ్వు అడగలేదు కానీ లెక్కలంటున్నావు కాబట్టి చెబుతున్నాను. తోతాపురి అనే మాటకు మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌కు ఎనిమిది గుర్తులు: నాలుగు హల్లులు, నాలుగు గుణింతాలు. బైట్లలో 24. పాత టూల్స్‌లో ఏది దేన్ని లెక్కపెడుతుందో తెలియకుండా నమ్మకూడదు. డబ్ల్యూసీ మైనస్ సీ బైట్లు చెబుతుంది, మైనస్ ఎం గుర్తులు చెబుతుంది. డెబియన్ 12లో కట్ మైనస్ సీ అంటే అక్షరాలు అని మాన్యువల్ చెప్పినా, నిజానికి కోసేది బైట్లనే. మొదటి మూడు అడిగితే త ఒక్కటే వస్తుంది, ఓత్వం ఊడిపోతుంది. నాలుగు అడిగితే విరిగిన ముక్క వస్తుంది. అక్షరాలు మార్చే టీఆర్ కూడా అంతే, తెలుగు మీద వాడొద్దు.

---

చంద్రగిరి_తోట · ఆదివారం, మధ్యాహ్నం 3:05

అక్కా, ఈ రెండోది నాకు జరిగిందే! టెక్స్ట్ ఫైళ్ళ నుంచి లెక్కలు తీసే చిన్న భాష ఆక్‌తో ఒక రిపోర్ట్ తీస్తాను: రకం పేరు, తూకం, రేటు. పొడవు సరిచూసే లైన్ ఒకటి రాసుకున్నా, పేరు పది అక్షరాలు దాటితే కత్తిరించమని. తోతాపురి, నీలం, బేనిషా ఏదిచ్చినా తోక తెగి ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. స్క్రిప్ట్‌లో నేనే ఏదో తప్పు చేశానని ఎన్నోసార్లు తిరగరాశా.

---

తిరుచానూరు_అక్షరం · ఆదివారం, మధ్యాహ్నం 3:22

నీ తప్పేమీ లేదు. డెబియన్‌లో ఆక్ అని కొడితే మామూలుగా నడిచేది మాక్, అది బైట్లు లెక్కపెడుతుంది. తోతాపురి పొడవు అడిగితే 24 అంటుంది. గాక్ ఇన్‌స్టాల్ చెయ్, అది 8 అంటుంది. గాక్ రాగానే డెబియన్ తనంతట తానే ఆక్ అనే పేరును దానివైపు తిప్పేస్తుంది. ఈటీసీ ఆల్టర్నేటివ్స్ అనే ఫోల్డర్‌లో లింకులు ఉంటాయి చూడు, మళ్ళీ వెనక్కి తిప్పాలంటే అప్‌డేట్ ఆల్టర్నేటివ్స్ కమాండ్ ఉంది.

ఇలా మార్చుకోవడం నాకు చాలా నచ్చుతుంది. మాక్, గాక్ రెండూ ఆక్ భాషకు కట్టుబడినవే, 1977లో బెల్ ల్యాబ్స్‌లో అహో, వైన్‌బర్గర్, కెర్నిఘన్ మొదలుపెట్టిన ఆ భాషకు. మామూలు ఆక్ స్క్రిప్ట్ దేనితోనైనా నడుస్తుంది. పేరు అదే ఉంచి లోపల మనిషిని మార్చాలంటే, కొత్త మనిషికి పాత మాటలన్నీ అర్థం కావాలి. గ్రెప్ పేరుకు రిప్‌గ్రెప్ పెట్టడంలో అది లేదు.

---

కాణిపాకం_కన్సోల్ · ఆదివారం, సాయంత్రం 5:30

నేను కొంచెం వేరుగా అంటాను. సొంత ల్యాప్‌టాప్, సొంత అలియాస్. అందులో భయపడాల్సిందేముంది? బ్యాష్‌లో అలియాస్‌లు స్క్రిప్ట్‌ల లోపల పనిచేయవు, మనం చేత్తో కొట్టినప్పుడే పనిచేస్తాయి. కాబట్టి ఏ స్క్రిప్టూ పాడవదు. పాతది కావాలంటే ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెట్టి గ్రెప్ అంటే అసలు గ్రెప్ వస్తుంది. నేను క్యాట్‌కు బ్యాట్ పెట్టుకుని మూడేళ్ళయింది. పైప్‌లోకి, అంటే ఇంకో కమాండ్‌కు, పంపినప్పుడు బ్యాట్ రంగులూ గీతలూ మానేసి మామూలు టెక్స్టే ఇస్తుంది, ఏ ఇబ్బందీ రాలేదు.

---

రాత్రి_షిఫ్ట్ · ఆదివారం, సాయంత్రం 6:47

కన్సోల్ అన్నా, మీరు చెప్పిన మాటల్లో ఒక్కటీ తప్పు లేదు. కానీ అలియాస్ వల్ల పాడయ్యేది స్క్రిప్ట్ కాదు, మన చెయ్యి.

తిరుపతి నుంచే ఒక కంపెనీ సర్వర్లు చూస్తాను, రాత్రి పని. ఇంటి ల్యాప్‌టాప్‌లో ఆర్‌ఎం అని కొడితే ఆర్‌ఎం మైనస్ ఐ నడిచేట్టు అలియాస్ ఉండేది, ప్రతి ఫైల్‌కూ అడిగి తుడిచేది. నాలుగేళ్ళు అలా వాడా. ఎలాగూ అడుగుతుంది కదా అని స్టార్ పెట్టి కొట్టడం అలవాటైపోయింది. ఒక రాత్రి రెండు గంటలప్పుడు, నిద్రమత్తులో సర్వర్ మీద అదే కొట్టా. అక్కడ అలియాస్ లేదు. అది అడగలేదు. ఆ రోజు రిపోర్టుల ఫోల్డర్ మొత్తం పోయింది. ముందు రాత్రి బ్యాకప్ నుంచి తెచ్చుకున్నాం, ఒక రోజు పని మాత్రం తిరిగి రాలేదు. తెల్లారి అందరి ముందూ నిలబడి ఏం జరిగిందో చెప్పా.

ఆ రోజు నుంచి ఇంట్లో ట్రాష్ పుట్ వాడుతున్నా, దాని సొంత పేరుతోనే. ట్రాష్ సీఎల్ఐ అనే ప్యాకేజీలో వస్తుంది. తుడిచినవి చెత్తబుట్టలోకి పోతాయి, తిరిగి తెచ్చుకోవచ్చు. సర్వర్‌లో ట్రాష్ పుట్ కొడితే అలాంటి కమాండ్ లేదంటుంది, నష్టం ఏమీ లేదు. కావాల్సింది అదే: లేనిచోట గట్టిగా లేనని చెప్పాలి.

నా పనిలో నిజంగా మార్పు తెచ్చింది టీమక్స్. మా వీధిలో కరెంటు పోతే ఇంటర్నెట్ పోతుంది. సర్వర్‌లో టీమక్స్ లోపల పని మొదలుపెడితే, ఇక్కడ లైన్ తెగినా అక్కడ పని నడుస్తూనే ఉంటుంది, మళ్ళీ కలిపి చూసుకోవచ్చు.

---

కాణిపాకం_కన్సోల్ · ఆదివారం, రాత్రి 7:20

షిఫ్ట్ బ్రదర్, ఇది నేను ఆలోచించని కోణం. నాకు సర్వర్లు లేవు, ఒక్కటే మెషీన్. అందుకే నాకు తగల్లేదు. బ్యాట్ అలాగే ఉంచుకుంటా, ఎందుకంటే అది ఏదీ తుడవదు. ఆర్‌ఎంకు ఉన్న అలియాస్ మాత్రం ఇప్పుడే తీసేశా.

---

పుత్తూరు_పెంగ్విన్ · ఆదివారం, రాత్రి 8:02

ఎజా గురించి ఒకటి. ఎల్‌ఎస్‌కు ఎజా పెట్టుకున్న వాళ్ళు ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌టీఆర్ కొట్టి చూడండి, ఎర్రర్ వస్తుంది. పాత ఎల్‌ఎస్‌లో టీ అంటే సమయం ప్రకారం పేర్చమని. ఎజాలో టీ అంటే ఏ సమయం చూపించాలో చెప్పమని, దాని వెనక ఒక మాట అడుగుతుంది. నాకు రోజుకు పదిసార్లు కావాల్సింది అదే కమాండ్. చివరికి ఎల్‌ఎస్‌ను వదిలేసి ఎజాను ఎజాగానే పిలుస్తున్నా. ఇంతకు ముందు ఎక్సా వాడేవాణ్ణి. దాన్ని చూసుకునేవాళ్ళు లేక ఆగిపోతే 2023లో ఎజాగా వేరుపడింది. అప్పుడు అలియాస్‌లన్నీ మళ్ళీ రాసుకోవాల్సి వచ్చింది.

డెబియన్, ఉబుంటు వాళ్ళు పేర్లు కూడా చూసుకోవాలి. ఎఫ్‌డి అక్కడ ఎఫ్‌డిఫైండ్, బ్యాట్ అక్కడ బ్యాట్‌క్యాట్. ఆ చిన్న పేర్లతో వేరే ప్యాకేజీల కమాండ్లు అప్పటికే ఉన్నాయి.

రూట్ సార్, ఉబుంటు వాళ్ళు ఎల్‌ఎస్, క్యాట్, డేట్ లాంటివన్నీ రస్ట్‌లోకి మార్చేశారు కదా. వాళ్ళే మార్చాక మనం మార్చుకుంటే తప్పేంటి?

---

రేణిగుంట_రూట్ · ఆదివారం, రాత్రి 8:40

తప్పు కాదు, పద్ధతి వేరు. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10లో ఎల్‌ఎస్, క్యాట్ లాంటి కమాండ్ల కట్ట గ్నూ కోర్‌యుటిల్స్ స్థానంలో రస్ట్‌లో రాసిన యుయుటిల్స్ పెట్టారు. ఆ ప్రాజెక్ట్ గ్నూ వాటికి అచ్చం అలాగే నడవాలని మాట ఇస్తుంది, తేడా కనిపిస్తే బగ్ అంటుంది. గ్నూ సొంత పరీక్షల మీదే తనను తాను పరీక్షించుకుంటుంది. అక్షరం చెల్లి ఇందాక ఆక్ గురించి చెప్పిన దారే ఇది.

అంత జాగ్రత్తలోనూ ఒకటి జారింది. డేట్ మైనస్ ఆర్ ఇచ్చి ఒక ఫైల్ పేరు చెబితే ఆ ఫైల్ చివరిసారి ఎప్పుడు మారిందో చూపాలి. వీళ్ళ డేట్ ఆ ఆప్షన్‌ను తీసుకుని, పట్టించుకోకుండా ఇప్పటి సమయం చూపించింది. ఎర్రర్ ఇచ్చి ఉంటే అందరికీ తెలిసేది. దాంతో కొన్ని మెషీన్లలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల కోసం తనంతట తాను చూసుకునే పని ఆగిపోయింది. చేత్తో అప్‌డేట్ కొట్టినవాళ్ళకు ఇబ్బంది రాలేదు. తెలిశాక త్వరగానే సరిచేశారు. చంద్రగిరి తమ్ముడి గ్రెప్ యూటీఎఫ్ 16 ఫైళ్ళను మౌనంగా దాటేసినట్టే ఇదీ. ఎర్రర్ ఇచ్చే టూల్‌తో నాకు పేచీ లేదు. తప్పు జవాబును మామూలు గొంతుతో చెప్పే టూల్ అంటేనే నాకు భయం.

అందుకే కొత్తది ఏది తెచ్చినా ఒక వారం రెండూ పక్కపక్కన నడిపి చూస్తాను. జవాబులు ఒకటే అయితే సరే. వేరైతే ఎందుకో తెలిసేదాకా రెండింటినీ నమ్మను. తమ్ముడు 186, 152 అని రెండు లెక్కలు తెచ్చాడు కాబట్టి 217 బయటపడింది. ఒక్కటే నడిపి ఉంటే ఏదో ఒక దానితో సర్దుకునేవాడు.

---

చంద్రగిరి_తోట · మంగళవారం, రాత్రి 9:15

రెండు రోజులు రాయలేకపోయా, మన్నించండి. చేసింది చెబుతా.

అలియాస్‌లు తీసేశా. రిప్‌గ్రెప్‌ను దాని సొంత కమాండ్ పేరు ఆర్‌జీతోనే కొడుతున్నా, గ్రెప్ గ్రెప్‌గానే ఉంది. గాక్ వేశా, రిపోర్ట్‌లో పేర్లు తెగడం లేదు. ఎఫ్‌జడ్‌ఎఫ్ ఉంచుకున్నా. జడ్‌ఆక్సైడ్ నాకు అవసరం పడలేదు, ఉన్నవే నాలుగు ఫోల్డర్లు. నా లెక్కలన్నీ కలిపి 15 ఎంబీ దాటవు, కాబట్టి వేగం గురించి ఆలోచించడం మానేశా.

ఫోల్డర్ మొత్తాన్ని ముందు పెన్‌డ్రైవ్‌కు కాపీ చేసి, తర్వాత ఐకాన్వ్‌తో యూటీఎఫ్ 16 ఫైళ్ళను మార్చా. ఇప్పుడు గ్రెప్, మైనస్ యుయు ఇచ్చిన రిప్‌గ్రెప్ రెండూ 217 అంటున్నాయి. తోతాపురిని మా అన్న కొన్నిచోట్ల బెంగళూర అని రాశాడు, మా వైపు అలాగే అంటాం కదా. ఆ రెండు పేర్లూ కలిపి, మార్కెట్‌యార్డుకు అక్క చెప్పిన బ్రాకెట్లు పెట్టి 2016 ఫైళ్ళలో వెతికా. మూడు లైన్లు వచ్చాయి. మూడోదాంట్లో ఉంది: జూన్ నెల, బెంగళూర, మార్కెట్ యార్డు, 9 టన్నుల 340 కిలోలు, పైకం బాకీ.

నాయన అటక మీద నుంచి ఆ సంవత్సరం చీటీల కట్ట దించి, కళ్ళజోడు పెట్టుకుని, స్క్రీన్ పక్కన పెట్టి చూశాడు. అదే తేదీ, అదే తూకం. మళ్ళీ ఒకసారి చదవమన్నాడు, చదివా. రేపు మండీకి ఇద్దరం కలిసి పోతున్నాం.

---

డీటీపీ_చిత్తూరు · మంగళవారం, రాత్రి 9:50

చాలా సంతోషం బాబూ. ఆ పేజీని ప్రింట్ తీసి చీటీతో పాటు పట్టుకెళ్ళండి, ఫోన్‌లో చూపిస్తే వినరు. పెన్‌డ్రైవ్‌లోని పాత కాపీని తుడవొద్దు, అలాగే ఉండనివ్వండి.

---

పుత్తూరు_పెంగ్విన్ · మంగళవారం, రాత్రి 10:04

అన్నా, ఐకాన్వ్ అన్ని ఫైళ్ళకూ ఒకేసారి ఎలా నడిపావు? మా తాతయ్య రాసుకున్న ఊరి చరిత్ర కూడా నోట్‌ప్యాడ్‌లోనే ఉంది. ఫైల్ కమాండ్ కొట్టి చూస్తే అన్నీ యూటీఎఫ్ 16.

---

చంద్రగిరి_తోట · మంగళవారం, రాత్రి 10:20

ఒక ఫర్ లూప్, తమ్ముడూ. ఒక్కో ఫైల్‌ను యూటీఎఫ్ 16 నుంచి యూటీఎఫ్ 8కు మార్చి వేరే ఫోల్డర్‌లో అదే పేరుతో రాయించా. అసలు ఫైల్ మీదే రాయించొద్దు, మార్చడం మొదలుకాక ముందే షెల్ దాన్ని ఖాళీ చేసేస్తుంది. అయ్యాక రెండు ఫోల్డర్లలోనూ ఒకే మాట రిప్‌గ్రెప్‌తో వెతికి లైన్లు లెక్కపెట్టు. సమానంగా వస్తేనే పాతవాటి జోలికి పో.

తాతయ్య ఫైళ్ళను ముందు పెన్‌డ్రైవ్‌కు ఎక్కించు.